దెబ్బకు దారిచ్చే నూనె

ఆయిల్ అంటే ఆయిలే కదా, ఏది పోస్తేనేం అని నాతో అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో మెకానిక్కులున్నారు, పెట్రోలు బంకు వాళ్ళున్నారు, కార్లున్న పెద్దమనుషులున్నారు. వాళ్ళలో ఒక్కరికీ నడుము విరగలేదు. నడుము విరిగిన మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టి, బండలు పేల్చిన బాట మీద పట్నం దాకా తీసుకుపోవలసిన అవసరం వాళ్ళకెవరికీ రాలేదు. నాకు వచ్చింది. అందుకే ఆ మాట ఎవరైనా అంటే నాకు ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివర సంగతి. మాదాపూర్ గుట్టలను పేల్చి, కంప్యూటర్ల కోసం అద్దాల మేడ లేపుతున్న కాలం. మా ఇల్లు ఆ మేడకు వెనకగా, కొండాపూర్ వైపు వాలులో ఉండేది. మేం అక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు, సాయంత్రమైతే నెమళ్ళ అరుపులు తప్ప మరేమీ లేవు. పట్నంలో ఉన్న చుట్టాలు మమ్మల్ని చూసి జాలిపడేవాళ్ళు. తర్వాత ఆ పట్నమే వచ్చి మా మీద పడింది. ఇంటికి ఎడమ పక్క బండలు పేల్చేవాళ్ళు. వెనక ఒక బిల్డరు, మా కిటికీలోంచి చేయి చాపితే తగిలేంత దగ్గరగా ప్రహరీ లేపాడు. ముందు, మా గేటుకు అడ్డంగా, కేబుల్ వేయడానికని కందకం తవ్వి వదిలేశారు. ఎవరు తవ్వారని అడగబోతే ఒక ఆఫీసు వాళ్ళు ఇంకో ఆఫీసును చూపించారు. ఆ ఆఫీసు వాళ్ళు, తవ్వడం తమ పనే గానీ పూడ్చడం తమది కాదన్నారు. శ్మశానంలో కూడా తవ్వినవాడే పూడుస్తాడయ్యా అని చెప్పి వచ్చాను. వాళ్ళకు సిగ్గేసినట్టు నాకు కనిపించలేదు.

నీళ్ళ ట్యాంకరు ఆ కందకానికి అవతలే ఆగేది. దాని మీద అడ్డంగా వేసిన చెక్క మీదుగా నా భార్య బిందె మోసుకొస్తుంటే చెక్క జారింది. ఆమె వెల్లకిలా లోపల పడింది. బిందె ఆమె మీద పడింది. నేను షెడ్డులో ఉండి, బిందె చప్పుడు విన్నాను గానీ ఆమె అరుపు వినలేదు. ఆమె అరవలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అరవలేదు. అదే నాకు ఎక్కువ భయం.

పట్నంలో ఎముకల డాక్టరు ఫొటో తీసి, వెన్నులో ఒక ఎముక చిట్లి అణిగిందని చెప్పాడు. చెక్క మంచం మీద కదలకుండా పడుకోవాలి, ఎండలు ముదిరే నాటికి మళ్ళీ రావాలి, అప్పుడు ఇంకో ఫొటో తీసి చూస్తే గానీ కోయాలా వద్దా చెప్పలేనన్నాడు. మధ్యలో ఎముక ఇంకా అణిగితే కాళ్ళు చచ్చుబడవచ్చునని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట విని, ఆటోలో ఇంటికి తిరిగొచ్చాం. మూడు చక్రాల బండికి ఒక గుణం ఉంది. పక్క చక్రాలు గుంతను తప్పించుకుంటే ముందు చక్రం అందులో పడుతుంది. ముందుది తప్పించుకుంటే పక్కవి పడతాయి. దారి పొడుగునా ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మంచం మీద పడుకోబెట్టాక అన్నది:

"ఇగ నన్ను ఆటో ఎక్కియ్యకు. ఈ మంచం మీదనే సావనియ్యి గానీ, ఆటో వద్దు."

అంబులెన్సు వాడు ముందు బాటను చూసి పోతానన్నాడు. వచ్చాడు, చూశాడు, స్ట్రెచర్ మీద మోసుకుని పెద్ద రోడ్డు దాకా తెచ్చుకుంటే ఎక్కించుకుంటానన్నాడు. రాళ్ళ మీద నడిచే నలుగురు మోతగాళ్ళ అడుగులు ఒక్కలా పడతాయా? అదీ కుదరలేదు.

అలా మేమిద్దరం ఆ ఇంట్లో చిక్కుకుపోయాం. ఆమె మంచం పక్క కిటికీలోంచి చూస్తే బిల్డరు గోడ తప్ప ఏమీ కనిపించదు. సిమెంటు పూయని గోడ. దాని మీద తొండ వస్తే నన్ను పిలిచి చెప్పేది, తొండ వచ్చిందని. పోతే పోయిందని. పేలుడుకు ముందు పనివాళ్ళు విజిల్ ఊదేవాళ్ళు. విజిల్ వినగానే ఆమె మంచం పట్టెలను రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకునేది. ఇల్లు అదిరేది. పైకప్పు నుంచి దుమ్ము రాలేది. నేను బయటికి పోయి ఎవరినైనా తిడదామన్నా, ఆమెను ఒంటరిగా వదిలి ఎంత దూరం పోగలను? గేటు దాకా పోయి, కందకం ఈవలి నుంచే తిట్టి వచ్చేవాణ్ణి.

అయితే నాకు ఒక కారుంది.

నేను చదివింది నైజాం కాలపు ఉర్దూ బడిలో, అదీ మొదటి కొన్ని తరగతులే. తెలుగు చదవడం దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు నేర్పింది ఈ కారు. పట్నంలో ఒక వకీలు దగ్గర డ్రైవరుగా ఉన్నప్పుడు, ఆయన కారుతో వచ్చిన పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఆయన పోతూ పోతూ కారు నాకిచ్చెయ్యమని ఇంట్లో వాళ్ళకు చెప్పారు. అది యాభైల నాటిది. గుండ్రటి మూపు, పొడుగాటి ముక్కు, సోఫాలాంటి వెనక సీటు. మా ఆమె కాళ్ళు ముడుచుకుంటే అందులో పూర్తిగా పడుకోవచ్చు. ఆటోకు లేనిది, అంబులెన్సు ఇవ్వలేనిది అదే.

కానీ దాని షాక్ అబ్జార్బర్లు ఎండిపోయి ఉన్నాయి. ఇప్పటి కార్లకు ఉన్నట్టు అవి గొట్టాలు కావు. పిడికిలంత ఇనుప డబ్బాలు, చట్రానికి బోల్టులతో బిగించి ఉంటాయి. ఒక్కో డబ్బా నుంచి మోచేయిలాంటి ఇనుప చేయి బయటికి వచ్చి చక్రం వైపు పోతుంది. చక్రం రాయెక్కితే ఆ చేయి లేస్తుంది. లోపల ఒక పిస్టన్ ఆయిల్‌ను సన్నటి రంధ్రంలోంచి తోస్తుంది. ఇనుప కమాన్ పట్టీలు కారును మోస్తాయి గానీ, కుదుపును చంపేది ఆ రంధ్రంలోంచి పోయే ఆయిల్. ఆయిల్ మరీ చిక్కనైతే రంధ్రంలో దూరదు, రాయి దెబ్బ నేరుగా సీటుకు వస్తుంది. మరీ పలచనైతే ఆపకుండా పోతుంది, కారు ఊగి ఊగి తిరుగుతుంది. ఇంత చిన్న సంగతి. దీన్ని ఎవరికి చెప్పినా తలాడించి, చివరికి తమ దగ్గర ఉన్న డబ్బానే అందుకునేవాళ్ళు.

పుస్తకంలో ఏముందని అడగవచ్చు. మా కంపెనీ ఆయిల్ మాత్రమే పోయాలి, వేరేది పోస్తే మా బాధ్యత లేదు అని ఉంది. ఆ కంపెనీ మూతపడి ఎంతో కాలమైంది. ఆ ఆయిల్ చిక్కనో పలచనో ఒక్క ముక్క రాయలేదు. అంత చదువుకున్న దొరలు, తాము శాశ్వతంగా ఉంటామని అనుకున్నారు.

మియాపూర్‌లో షెడ్డు ఉన్న మెకానిక్కు నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. నన్ను కాకా అని పిలుస్తాడు, నేను వాణ్ణి ఉస్తాదని పిలుస్తాను. పనిమంతుడే. వాడు మా ఇంటికి వచ్చి, ఆ డబ్బాల మూతలు విప్పి చూసి, లోపల చుక్క లేదన్నాడు. ఫికర్ చేయకు కాకా, గట్టిగా చేసి ఇస్తానన్నాడు. గేర్ ఆయిల్‌లో ఇంజన్ ఆయిల్ కలిపి పోశాడు. తర్వాత మా మెకానిక్కులందరికీ ఉన్న అలవాటు ప్రకారం బంపర్ మీద ఎక్కి నిలబడి గెంతాడు.

ఈ అలవాటు గురించి చెప్పాలి. మన దగ్గర ఏ షెడ్డుకు పోయినా షాక్ అబ్జార్బరు బాగైందో లేదో చూసేది ఒక్కటే పద్ధతి. బంపర్ నొక్కుతారు. కారు ఊగకపోతే ఉస్తాదు మీసం దువ్వుతాడు, కస్టమరు సంతోషంగా పోతాడు. ఊగితే, పని రాదని నలుగురిలో నవ్వులపాలు. కాబట్టి ఊరంతా ఊగని కార్లే. ఊగని కారులో కూర్చున్నవాడు ఊగుతాడని ఎవరికీ తట్టదు.

మా కారు ఊగలేదు. గెంతినవాడి చెప్పులు జారాయి గానీ కారు కదల్లేదు. నేను కూడా మురిసిపోయాను. కందకం మీద కంచె రాతి కడీలు పరిచి, స్టీరింగ్ పట్టుకుని మా బాట మీద ఒక చుట్టు తిప్పి వచ్చాను. ముందు సీట్లో నాకు బాగానే ఉంది. రాళ్ళు వస్తున్నాయని కళ్ళకు ముందే తెలుస్తుంది, ఒళ్ళు ముందే బిగుసుకుంటుంది. లోపలికి వచ్చి మంచం దగ్గర నిలబడి, కారు రాయిలా ఉంది, ఇక భయం లేదని చెప్పాను.

ఆమె గోడ వైపు చూస్తూనే అడిగింది:

"వెనక సీట్ల పండి సూసినవా?"

పండలేదన్నాను. డ్రైవరునైన నేను వెనక సీట్లో ఎందుకు పడుకుంటాను?

"మరి రాయి లెక్కున్నదంటవేంది? రాయి మీద పండేది నేను గదా."

మెకానిక్కును స్టీరింగ్ దగ్గర కూర్చోమని, నేను వెనక పడుకున్నాను. ఆ కారుకు అన్నేళ్ళు డ్రైవరుగా ఉండి, దాని కప్పును లోపలి నుంచి చూడడం అదే మొదటిసారి. గేటు దాటి పేలుడు రాళ్ళ మీదికి పోగానే నాకు సంగతి తెలిసింది. పడుకున్నవాడికి రాయి వస్తున్నదని తెలియదు. అది నేరుగా వెన్నులోకే వస్తుంది. ఒక్కో దెబ్బకు పళ్ళు టకటకలాడాయి. ఆపమని అరిస్తే వాడు పాట ఈలవేస్తూ ఇంకొంచెం దూరం పోయాడు. దిగాక వాడికి చెప్పవలసిన మాటలన్నీ చెప్పాను. వాడికి కోపం రాలేదు. "కాకా, బండి గట్టిగున్నది. నీ ఒళ్ళే మెత్తగైంది," అన్నాడు.

పెట్రోలు బంకులో అడిగితే బ్రేక్ ఆయిల్ పొయ్యమన్నారు. అది రబ్బరు సీళ్ళను ఉబ్బించి తినేస్తుందని నాకు ముందే తెలుసు. వాళ్ళకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. డబ్బా అమ్ముడుపోతే చాలు. ఉత్త ఇంజన్ ఆయిల్ సంగతి నేనే చూశాను. సీసాలో సగం పోసి గట్టిగా ఊపి పెడితే, కల్లు ముంతలోలా నురుగు లేచి చాలాసేపు పోలేదు. నురుగంటే గాలి. గాలికి దెబ్బను ఆపే బలం లేదు.

మా మేడ మీద గదిలో ఒక కుర్ర ఇంజనీరు కిరాయికి ఉండేవాడు. కృష్ణా జిల్లావాడు. ఆ అద్దాల మేడలో అప్పటికే తెరిచిన ఒక ఆఫీసులో పని. నేను సారు అనేవాణ్ణి, అతను నన్ను పెద్దాయన గారూ అనేవాడు. ఇంట్లో మనిషి ఇలా పడి ఉంటే రోజూ బండల మీద నుంచి దూకుతూ టై కట్టుకుని పోతాడని అతని మీద కూడా నాకు లోలోపల కోపమే. కానీ మంచివాడు. ఆమె కోసం మెత్తటి బూరుగు దిండు తెచ్చాడు. షాక్ అబ్జార్బర్ల గొడవ విని, ఆఫీసులో ఇంటర్నెట్‌లో చూస్తానన్నాడు. మర్నాడు కాగితాల కట్ట పట్టుకొచ్చాడు. పాత కార్లున్న విదేశీయులు రాసుకున్న మాటలవి.

"ఇందులో జవాబు ఉంటుందండి, చూడండి," అని ఇచ్చి వెళ్ళాడు.

డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. ఒకాయన మోటార్ సైకిలు ముందు ఫోర్కులో పోసే ఆయిల్ మంచిదని రాశాడు. ఇంకొకాయన, అది పలచన, జాకీలో పోసే ఆయిలే సరైనదని, కాదన్నవాడికి కారు అర్థం కాలేదని రాశాడు. మూడో ఆయన ఇద్దరినీ తిట్టాడు. సముద్రాల అవతల, నున్నటి రోడ్లున్న దేశంలో, నా వయసు మనుషులు ఇదే సంగతికి ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. చదువుతుంటే కొంత ఊరట కలిగింది. అయితే మొత్తానికి ఎక్కువ మంది జాకీ ఆయిల్ వైపే ఉన్నారు. వాళ్ళలో ఎవరికీ మా బాట లేదు. ఎవరి వెనక సీట్లోనూ మా ఆమె లేదు. వాళ్ళు ఎక్కి తిరిగేది ఆదివారం షికారుకు.

జాకీ ఆయిల్, ఫోర్క్ ఆయిల్ రెండూ తెచ్చాను. ఇక చూసేది ఎలా? ప్రతిసారీ నాలుగు డబ్బాలూ నింపి, రాళ్ళ మీద పడుకుని, మళ్ళీ ఖాళీ చేసి కడగడం నా ఒంటితో అయ్యే పని కాదు. ఒక డబ్బాను ఊడదీసి, పెట్రోలుతో కడిగి, చెక్క దిమ్మె మీద బోల్టులతో బిగించి, వంటింట్లో కూర్చుని చేయి ఆడిస్తూ చూడసాగాను. లోపల గాలి పోయేదాకా ఆడించాలి, మూత దాకా నింపకుండా పైన కొంచెం ఖాళీ ఉంచాలి, లేకపోతే ఎండకు ఆయిల్ పొంగి సీలు తన్నేస్తుంది. ఆ కిరకిర విని ఆమె లోపలి నుంచి పిలిచింది.

"ఆడ ఏం రుబ్బుతున్నవ్? ఈడికి పట్టుకరా, నేను సూస్త."

దిమ్మెను మోసుకుపోయి ఆమె మంచం పక్కన బల్ల మీద పెట్టాను. ఆమె తల తిప్పకుండా చేయి చాపి ఆ ఇనుప చేయిని పట్టుకుంది. అందులో అప్పుడు ఉన్నది మెకానిక్కు కలిపిన చిక్కటి ఆయిలే, పోల్చి చూద్దామని నేనే మళ్ళీ పోశాను. గుంజింది. రాలేదు. ఇంకా గుంజింది.

"ఇది మీ అమ్మ లెక్కున్నది. ఎంత మొత్తుకున్న ఒక్క మాట ఇనదు."

చనిపోయిన మనిషిని ఎందుకు తీస్తావన్నాను. ఆయిల్ మార్చి తెమ్మంది. కుట్టు మిషన్ ఆయిల్ ఇంట్లో ఉంటే అది పోసి ఇచ్చాను. చేయి గాలిలో ఆడినట్టు ఆడింది. ఇది నా లెక్క అన్నది, ఊ అంటే ఇటు, ఆ అంటే అటు. ఆ మంచాన పడ్డ తర్వాత ఆమె ముఖం మీద నవ్వు చూడడం అప్పుడే. జాకీ ఆయిల్ పోసిచ్చాను. కొంచెంసేపు ఆడించి, బాగానే ఉంది గానీ మొదట ఒక చిన్న అడ్డం పెడుతుందన్నది. చివరికి ఫోర్క్ ఆయిల్. దాన్ని చాలాసేపు ఆడించింది. మెల్లగా గుంజింది, విసురుగా గుంజింది, కళ్ళు మూసుకుని మళ్ళీ గుంజింది. కవ్వం తాడు పట్టుకుని వెన్న వచ్చిందా లేదా చూసేటప్పుడు ఆమె ముఖం అలా ఉండేది.

"ఇదే పొయ్యి. మెల్లగ గుంజితే ఇడుస్తున్నది, గట్టిగ గుంజితే పట్టుకుంటున్నది. దెబ్బకు దారిస్తున్నది గానీ పోనిస్తలేదు."

మధ్యాహ్నం ఎండలో దిమ్మెను బయట పెట్టి, కాలిపోయేంత వేడెక్కాక మళ్ళీ తెమ్మన్నది. అప్పుడూ అదే చెప్పింది. జాకీ ఆయిలే సరైనదని అక్కడివాళ్ళంటున్నారని కాగితాలు చూపించాను. వాళ్ళ నడుము బాగుందంటనా అని అడిగింది. కాగితాలన్నీ మళ్ళీ తిరగేశాను, ఆ సంగతి ఎవరూ రాయలేదు.

మెకానిక్కు ఆ సంగతి విని తల పట్టుకున్నాడు. ఆ పలచటి ఆయిల్ పోస్తే బంపర్ నొక్కగానే గుర్రంలా ఎగురుతుందని, నలుగురూ చూస్తే తన పేరు పోతుందని, ఆ పని తాను చేయనని చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "కాకా, ఈ రాళ్ళ మీద నడుస్తదేమో. రేపు తారు రోడ్డు మీద జర ఇసురుగ పోతే పడవ లెక్క ఊగుతది. అప్పుడు నన్ననకు." తారు రోడ్డు మాకెప్పుడు వస్తుందిరా అని వాణ్ణి పంపేసి, నాలుగు డబ్బాలూ నేనే నింపుకున్నాను. ఎండలో కారు కింద పడుకుని, కంట్లో మట్టి పడుతుంటే, మూతల చుట్టూ మట్టిని ముందు సూదితో తీసి, అప్పుడు విప్పాను. ఒక్క ఇసుక రేణువు లోపల పడితే ఆ రంధ్రం మూసుకుపోతుంది. కందకాలు తవ్వేటప్పుడు ప్రభుత్వానికి అంత జాగ్రత్త ఉంటే నాకు ఈ పని పడేది కాదు.

డాక్టరు రమ్మన్న రోజు తెల్లవారగానే బయల్దేరాం. కందకం మీద చక్రాలకు సరిపోయేలా రెండేసి రాతి కడీలు జోడించి, కారు తిప్పి చూసిన నాడే పరిచి పెట్టాను. అవి మా పాత చేను కంచెకు పాతిన కడీలు. చేను పోయింది, కడీలు మిగిలాయి. వెనక సీటు మీద పరుపు, పరుపు మీద ఇంజనీరు ఇచ్చిన దిండు. అతనూ నేనూ కలిసి ఆమెను దుప్పటిలో ఎత్తి పడుకోబెట్టాం. నొప్పి పుడితే సీటు మీద తట్టమని, నేను వెంటనే ఆపుతానని చెప్పాను.

మా బాట దాటితే అద్దాల మేడ ముందు నుంచి కొత్తగా వేసిన తారు రోడ్డు జూబ్లీహిల్స్ వైపు పోతుంది. అక్కడిదాకా చేరితే ఇక భయం లేదని నా లెక్క. చేరాం. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి పోలీసులు నిలబడి ఉన్నారు. ఎవరో పెద్దమనిషి ఆ మేడ చూడడానికి వస్తున్నాడట. ఆయన వచ్చి పోయేదాకా ఒక్క బండి కూడా దాని మీద పోగూడదు. వెనక సీట్లో నడుము విరిగిన మనిషి ఉందని చెప్పాను. అధికారి ఒకడు వంగి చూశాడు. చూసి, పక్కన క్వారీ బాట ఉంది, లారీలు పోతున్నాయి, అటు నుంచి పొండని చేయి చూపించాడు.

ఆ రోడ్డు ఎవరి బండలను పేల్చి వేశారు? ఎవరి గోడలు అదిరాయి? మా ఇంటి కప్పు రాల్చిన దుమ్మంతా ఆ రోడ్డుదే. దాని మీద మేం మొదటిసారి పోవలసిన రోజున మాకు తాడు కట్టారు. నేను దిగి ఇవన్నీ అడగడం మొదలుపెట్టాను. గొంతు లేచింది. ఇద్దరు పోలీసులు నా వైపు వస్తుంటే వెనక నుంచి ఆమె పిలిచింది.

"పోనియ్యయ్యా. వాళ్ళతోని మనకెందుకు. ఆ బాట మీదనే పోదాం."

క్వారీ బాటను బాట అనకూడదు. లారీలు తొక్కి తొక్కి మిగిల్చిన రాళ్ళ మధ్య చీలిక అది. రెండు పక్కలా పేల్చిన బండలు, మధ్యలో కంకర, అక్కడక్కడా తలకాయంత రాళ్ళు. పక్కకు తిరిగే సందు లేదు. ముందు ఒక లారీ, వెనక ఒక లారీ. వెనకవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఒకసారి అందులో దిగాక ముందుకు పోవడమే గానీ వెనక్కి రావడం లేదు. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. మొదటి గేరులో, నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోనిచ్చాను. చక్రం రాయెక్కి దిగిన ప్రతిసారీ చెవి వెనక్కే ఉంది. కమాన్ పట్టీలు కిర్రుమంటున్నాయి. ముందు నా సీటు లేస్తున్నది, మెల్లగా దిగుతున్నది. దెబ్బ వస్తున్నది గానీ, వచ్చేటప్పటికి దాని పదును పోతున్నది. ఎంత నెమ్మదిగా పోతే అంత మెత్తగా విడుస్తున్నది. మంచం పక్కన ఆమె చేతి కింద ఆడినట్టే ఆడుతున్నాయి ఆ నాలుగు డబ్బాలూ.

సగం దాకా వచ్చాక సీటు మీద తట్టిన చప్పుడైంది. బ్రేకు వేశాను. వెనక లారీవాడు తల బయటపెట్టి తిట్టడం మొదలుపెట్టాడు. నేను వెనక్కి తిరిగి, నొప్పిగా ఉందా అని అడిగాను.

ఆమె కిటికీ అద్దంలోంచి పైకి చూస్తున్నది. పడుకున్న మనిషికి అక్కడి నుంచి అద్దాల మేడ పై అంతస్తులు, వాటి మీద కదులుతున్న మబ్బులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"గిదేనా వాళ్ళు కట్టింది? జర ఆపు, సూడనియ్యి. ఇన్నాళ్ళకు గోడ కాకుండ ఇంకోటి సూస్తున్న."

లారీవాడి తిట్లు వింటూ, ఆమె చూసినంతసేపు ఆపాను. ఆ మేడను అంత తిట్టిన నేను, ఆమెకు చూపించడానికి ఆగవలసి వచ్చింది. పోదాం పద అన్నాక కదిలించాను. ఆ తర్వాత డాక్టరు దగ్గర దాకా ఆమె మళ్ళీ తట్టలేదు.

డాక్టరు కొత్త ఫొటోను వెలుతురుకు పెట్టి, పాతదాని పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఎముక ఇంకా అణగలేదు, అతుక్కుంటున్నది, కోయనక్కరలేదన్నాడు. పట్టీ కట్టుకుని ఇంకొన్నాళ్ళు అలాగే పడుకోవాలి, తర్వాత మెల్లగా లేవవచ్చు. ఏ బండిలో తెచ్చారని అడిగాడు. నా కారులో అన్నాను. ఆ రోడ్ల మీద కారులో ఎలా తెచ్చావయ్యా అన్నాడు. చెబుదామని నోరు తెరిచాను, ఆయన అప్పటికే ఇంకొకరి ఫొటో చేతిలోకి తీసుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. పెద్దమనిషి వచ్చి పోయాడు. తాడు రోడ్డు పక్కన పడి ఉంది. పోలీసులు లేరు. చెత్తకాగితాలు, వాడిన పూలు దొర్లుతున్నాయి. మా ముందు నల్లటి రోడ్డు ఖాళీగా, నున్నగా పరుచుకుని ఉంది. కోయనక్కరలేదన్న మాట చెవిలో మోగుతున్నదేమో, నేను కొంచెం వేగం పెంచాను.

మెకానిక్కు చెప్పినట్టే అయింది. నున్నటి రోడ్డు మీద చిన్న ఎత్తు రాగానే కారు ముక్కు లేచి, దిగి, మళ్ళీ లేచింది. వంపు దగ్గర ఒక పక్కకు ఒరిగి, తీరిగ్గా ఇటు తిరిగింది. అచ్చంగా పడవే. నాకు సిగ్గనిపించింది. వేగం తగ్గించాను. వెనక ఆమె కడుపులో తిప్పుతున్నదని అన్నది. రేపే ఈ ఆయిల్ తీసేసి జాకీ ఆయిల్ పోస్తానని, అక్కడివాళ్ళు రాసింది నిజమేనని, ఇక రోడ్డు వచ్చింది కాబట్టి దానికి తగ్గట్టు చేయాలని చెప్పాను.

కారు తారు రోడ్డు దిగి, మా రాళ్ళ బాట మీదికి తిరిగింది. ఊగడం ఆగిపోయింది. మళ్ళీ ఆ మెత్తటి లేవడం, దిగడం. అప్పుడు అన్నది:

"ఆ రోడ్డు కోసం నూనె మారుస్తవా? అది మనదెప్పుడైంది? రేపు ఇంకో పెద్దమనిషి వస్తడు, మళ్ళ తాడు కడ్తరు. మన బాట గిదే. ఈ నూనెనే ఉండనియ్యి."

కడీల మీద చక్రాలు సరిగ్గా పెట్టుకుంటూ కందకం దాటించాను. ఇంజనీరు గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరం ఆమెను దుప్పటిలో ఎత్తి, మళ్ళీ ఆ మంచం మీదే, ఆ గోడ ఎదురుగానే పడుకోబెట్టాం. నేను కారును షెడ్డులో పెట్టబోతుంటే లోపలి నుంచి కేకేసింది. ఎప్పుడూ పెట్టినట్టు పెట్టకు, వెనక్కి తిప్పి పెట్టు, మళ్ళీ ఎటన్నా పోదామంటే ముక్కు గేటు వైపుండాలన్నది. ఆ ఇరుకు షెడ్డులోకి అంత పొడుగాటి కారును వెనక్కి నడపడం ఎంత కష్టమో ఆమెకు తెలియక కాదు.

తిప్పి పెట్టాను. ఆయిల్ మార్చలేదు. తర్వాత మెకానిక్కు ఎప్పుడొచ్చినా బంపర్ నొక్కి, అది ఎగిరితే నా వైపు చూసి నవ్వేవాడు. నొక్కుకోనీ అని ఊరుకునేవాణ్ణి.